‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’

మణికట్టు నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళివచ్చిన వాళ్ళను ఏమన్నారని అడిగి చూడండి. చాలామంది చెప్పే జవాబు ఒకటే: “ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు.” ఈ మాట వినగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ దీన్ని ఒక్కసారి విడదీసి చూడండి. ‘ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు’ అనడం వేరు, ‘మణికట్టులో ఏమీ లేదు’ అనడం వేరు. మొదటిది ఒక కాగితం గురించిన మాట, రెండోది ఒక మనిషి గురించిన మాట. ఈ రెండింటినీ కలిపి ఒకే వాక్యంగా వాడటం మన ఆస్పత్రుల్లోనూ, మన ఇళ్ళల్లోనూ అలవాటైపోయింది. ఈ అలవాటు వల్ల ఎవరికి నష్టం, ఎంత నష్టం అన్నదే ఈ వ్యాసం విషయం.

సూరత్ నుంచి నవ్‌సారి వెళ్ళే రోడ్డు మీద ఉధ్నా, భేస్తాన్ దాటాక ఉన్ వస్తుంది. ఆ చుట్టుపక్కల పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడలు. నేతా, అద్దకమూ ఈ ప్రాంతానికి అన్నం పెడుతున్నాయి. నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్ళిన పద్మశాలీలు సూరత్‌లో తరాలుగా ఉంటున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడపవలసి వచ్చిందంటే అక్కడి తెలుగు జనం ఎంతమందో మీరే ఊహించుకోవచ్చు.

మీరు ఉన్‌లో ఒక మరమగ్గాల షెడ్డులో పనిచేస్తున్నారనుకుందాం. వాటర్‌జెట్ మగ్గాలున్న చోట నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పడుగు తెగింది, ముడి వేయడానికి గబగబా అటు నడిచారు, కాలు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసేదే మీరూ చేశారు: అరచేయి చాపి నేలకు ఆనించారు. ఒంటి బరువంతా మణికట్టు మీద పడింది. కాసేపటికి కొంచెం వాచింది. సాయంత్రం దగ్గరలో ఉన్న దవాఖానాకు వెళ్ళారు. రెండు ఎక్స్‌రేలు తీశారు. ‘ఫ్రాక్చర్ లేదు’ అన్నారు. ఒక క్రేప్ బ్యాండేజీ, ఐదు రోజులకు నొప్పి మాత్రలు. మర్నాడు షిఫ్టుకు వెళ్ళారు. నేసిన మీటర్లను బట్టి కూలి వచ్చే పనిలో ఇంట్లో కూర్చుంటే ఎవరిస్తారు? నొప్పి తగ్గినట్టే తగ్గింది. ఆరు నెలలకో ఏడాదికో చేయి నేలకానించి లేవడం కష్టమైంది. బరువైన బీమును పట్టుకోలేకపోతున్నారు. మళ్ళీ ఎక్స్‌రే తీస్తే ఈసారి కనిపించింది. బొటనవేలి వైపున్న ఒక చిన్న ఎముక రెండు ముక్కలుగా ఉంది. పాత విరుగుడు. అతకలేదు.

ఇది కల్పించిన ఉదాహరణే. కానీ ఎముకల డాక్టర్లెవరినైనా అడగండి, ఇలాంటి చేతులు తాము చాలా చూశామని చెబుతారు.

మొదటి రోజు ఆ ఎముక ఎందుకు కనిపించలేదు? ఈ ప్రశ్నకు ‘ఆ డాక్టరుకు చూడటం రాదు’ అనేది తేలికైన జవాబు. కొన్నిసార్లు అది నిజం కూడా కావచ్చు. కానీ అసలు సంగతి అంత తేలికగా లేదు.

1895 డిసెంబరు 22న రాంట్‌జన్ తన భార్య అన్నా బెర్తా చేతిని ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీద ఉంచి, తాను కొత్తగా కనిపెట్టిన కిరణాలను ప్రసరింపజేశాడు. ఎముకలూ, వేలి ఉంగరమూ నీడలుగా ప్లేటు మీద పడ్డాయి. ఇప్పటికి పరికరాలు ఎంతో మారాయి, ఫిల్ము బదులు కంప్యూటరు తెర వచ్చింది. కానీ అసలు విషయం మారలేదు. ఎక్స్‌రే అంటే నీడ. నీడకు పొడవూ వెడల్పూ తప్ప లోతు ఉండదు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరసలుగా ఉంటాయి. వాటి పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కరలేదు. పడవ ఆకారంలో ఉండే స్కేఫాయిడ్‌నూ, చంద్రవంకలా ఉండే లూనేట్‌నూ మాత్రం గుర్తుంచుకోండి, కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. ఎనిమిది గాజు గోళీలను పలచటి గుడ్డ సంచిలో పోసి దీపం ముందు పట్టుకోండి. వాటిలో ఒకదానికి సన్నటి పగులుంది. అది ఏ గోళీకో మీరు చెప్పగలరా? సంచిని ఒక పక్కకు తిప్పితే కనిపించవచ్చు, ఇంకో పక్కకు తిప్పితే మాయం కావచ్చు. పాత తలుపు చెక్కల మధ్య సందు ఉంటుంది చూడండి, సరిగ్గా ఎదురుగా నిలబడితే వెలుగు గీత కనబడుతుంది, రెండడుగులు పక్కకు జరిగితే కనబడదు. ఎముకలో బీట కూడా అంతే. కిరణం ఆ బీట వెంబడి దూసుకుపోతేనే ఫిల్ములో గీత పడుతుంది.

కాబట్టి మణికట్టు ఎక్స్‌రే విషయంలో మొదటి ప్రశ్న ‘ఏం కనిపించింది?’ అని కాదు. ‘ఏ కోణాల్లో తీశారు?’ అని. అరచేయి కిందికి పెట్టి తీసినదొకటి, పక్కనుంచి తీసినదొకటి, ఈ రెండూ కనీసం ఉండాలి. స్కేఫాయిడ్ మీద అనుమానం ఉంటే చేతిని చిటికెనవేలి వైపు వంచి తీసే చిత్రమూ, ఏటవాలుగా తీసే చిత్రమూ కూడా కావాలి. స్కేఫాయిడ్ మామూలుగా ముందుకు వంగి పడుకుని ఉంటుంది, నీడలో పొట్టిగా కనిపిస్తుంది. చేతిని అలా వంచినప్పుడు అది నిటారుగా లేచి నిలబడుతుంది. దాని నడుము కనబడుతుంది. విరిగేది ఎక్కువగా ఆ నడుము దగ్గరే. అదనంగా తీసే ఈ రెండు చిత్రాలకు పెద్ద ఖర్చేమీ లేదు. కిరణాల మోతాదు కూడా ఛాతీ ఎక్స్‌రే కన్నా చాలా తక్కువ. అయినా చీటీ మీద రాయకపోతే టెక్నీషియన్ తీయడు. అతని తప్పు కాదది. అతనికి అందిన చీటీలో ‘రిస్ట్, రెండు వ్యూలు’ అని తప్ప ఇంకేమీ ఉండదు.

నా అసలు ఫిర్యాదు ఈ చీటీ మీదే. పడ్డాడా, ఎలా పడ్డాడు, ఎక్కడ నొక్కితే నొప్పి, దేన్ని అనుమానిస్తున్నారు, ఇవేవీ రాయకుండా పంపిన చీటీకి ‘ఎముకలు మామూలుగా ఉన్నాయి’ అనే జవాబు రావడంలో వింతేముంది? అడగని ప్రశ్నకు జవాబు రాదు. ఉన్ లాంటి చోట దీనికి భాష కూడా తోడవుతుంది. తెలుగులో మనకు మణికట్టు అనే చక్కటి మాట ఉంది. గుజరాతీలో ‘కాండు’ అంటారు. ఆ మాట తెలియని తెలుగు కార్మికుడు వచ్చీరాని హిందీలో ‘హాథ్ మే దర్ద్’ అంటాడు. హాథ్ అంటే వేళ్ళ నుంచి భుజం దాకా ఏదైనా కావచ్చు. చేతికి తీసే ఎక్స్‌రే వేరు, మణికట్టుకు తీసే ఎక్స్‌రే వేరు. మొదటిదాంట్లో కిరణం అరచేతి మధ్యకు గురిపెడతారు, మణికట్టు ఒక అంచున ఏటవాలుగా పడుతుంది. కాబట్టి చేయి నొప్పి అనకండి. ఒక్క వేలితో నొప్పి ఉన్న చోటు చూపించండి. ఆ వేలికి భాషతో పనిలేదు.

ఇక చదివే వాళ్ళ సంగతి. వైద్యవిద్యలో మణికట్టు అనగానే మొదట గుర్తుకొచ్చేది కాలిస్ ఫ్రాక్చర్. డబ్లిన్ సర్జన్ అబ్రహం కాలిస్ దీన్ని 1814లో వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే పుట్టడానికి ఇంకా ఎనభై ఏళ్ళు ఉంది. వేళ్ళతో తడిమి, ఆకారం చూసి చెప్పాడాయన. ముంజేతిలోని రేడియస్ ఎముక మణికట్టుకు కొద్ది పైన విరిగి, విరిగిన ముక్క చేతి వెనక వైపుకు జరుగుతుంది. పక్కనుంచి చూస్తే చేయి బోర్లించిన ఫోర్కు చెంచాలా వంపు తిరిగి కనబడుతుంది. ముక్క అరచేతి వైపుకు జరిగితే దాన్ని 1847లో వర్ణించిన రాబర్ట్ స్మిత్ పేరుతో పిలుస్తారు. ఎముకలు గుల్లబారిన పెద్ద వయసు స్త్రీలలో ఇది చాలా ఎక్కువ. దీన్ని పట్టుకోవడానికి ఎక్స్‌రే ఉంటే మేలే కానీ, చాలాసార్లు కళ్ళే చాలు.

ఈ పెద్ద ఫ్రాక్చరు మన కళ్ళకు ఒక అలవాటు నేర్పింది. ఫిల్ము చేతిలోకి రాగానే చూపు ముందు రేడియస్ చివరకే వెళుతుంది. అక్కడ గీత లేకపోతే ‘ఏమీ లేదు’. కింద ఎనిమిది ఎముకలు బారులు తీరి ఎదురుచూస్తున్నాయన్న సంగతి చూపుకు గుర్తు రాదు. పోనీ ఆ రేడియస్‌నైనా పూర్తిగా చదువుతున్నారా అంటే అదీ లేదు. పక్కనుంచి తీసిన చిత్రంలో రేడియస్ చివరి తలం అరచేతి వైపుకు సుమారు 11 డిగ్రీలు వాలి ఉండాలి. ఎదురుగా తీసినదాంట్లో చిటికెనవేలి వైపుకు సుమారు 22 డిగ్రీల వాలు ఉండాలి. విరిగిన ఎముకను సరిచేసి కట్టు కట్టాక ఈ వాలు తిరిగి వచ్చిందా లేదా అన్నదే చూడవలసింది. ఎన్ని రిపోర్టుల్లో ఈ అంకెలుంటాయి? నేను చూసిన చాలావాటిలో లేవు. ‘విరిగింది’ అని రాసి వదిలేయడం సగం పని మాత్రమే.

స్కేఫాయిడ్ దగ్గరకు మళ్ళీ వద్దాం, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈ ఎముకకు రక్తం వచ్చే తీరు విచిత్రం. ఎక్కువ రక్తనాళాలు వేళ్ళ వైపు ఉన్న సగంలోంచి లోపలికి ప్రవేశించి, వెనక్కు తిరిగి ముంజేతి వైపు సగానికి రక్తం తీసుకుపోతాయి. కాలువ చివరి పొలం లాంటిది ఆ వెనక సగం. నడుము దగ్గర విరిగితే కాలువ తెగినట్టే. చివరి పొలం ఎండుతుంది. ఎముక ముక్క చచ్చిపోవచ్చు, అతకకపోవచ్చు. అతకని స్కేఫాయిడ్‌తో ఏళ్ళ తరబడి పనిచేస్తే చుట్టుపక్కల కీళ్ళు అరిగి, మణికట్టు మొత్తం బిగుసుకుపోతుంది.

ఇంత ముఖ్యమైన ఎముక విరిగినా మొదటి రోజు ఎక్స్‌రేలో దొరకకపోవడం మామూలే. 10 నుంచి 20 శాతం దాకా అలా తప్పిపోతాయని వైద్యగ్రంథాలు సాధారణంగా చెబుతాయి. అందుకే ఎక్స్‌రే కన్నా ముందు వేలు పనిచేయాలి. బొటనవేలిని వెనక్కు చాపండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు తాళ్ళ లాంటి స్నాయువుల మధ్య ఒక చిన్న గుంట పడుతుంది. పూర్వం దొరలు ముక్కుపొడిని అందులో పోసుకుని పీల్చేవాళ్ళు. ఇంగ్లీషులో ఆ గుంటకు ముక్కుపొడి డబ్బా అనే పేరే ఉండిపోయింది. స్కేఫాయిడ్ సరిగ్గా దాని అడుగున ఉంటుంది. పడిన తరువాత అక్కడ నొక్కితే నొప్పి ఉంటే, లేదా అరచేతి వైపు బొటనవేలి మొదట్లో నొక్కితే నొప్పి ఉంటే, లేదా బొటనవేలిని నిలువుగా వెనక్కు నెట్టినప్పుడు నొప్పి ఉంటే, ఎక్స్‌రే ఎంత శుభ్రంగా ఉన్నా స్కేఫాయిడ్ విరిగి ఉండవచ్చుననే అనుకోవాలి.

పాత పద్ధతి ఏమిటంటే, అలాంటి చేతికి కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తరువాత మళ్ళీ ఎక్స్‌రే తీయడం. ఈలోపు విరిగిన అంచుల వద్ద ఎముక కొద్దిగా కరిగి గీత బయటపడుతుందని ఆశ. ఇది తప్పు పద్ధతి కాదు గానీ, దీన్ని చాలా తేలికగా సలహా ఇచ్చేస్తున్నారని నా అభిప్రాయం. ముక్కుపొడి గుంటలో నొప్పి ఉండి ఎక్స్‌రే శుభ్రంగా ఉన్న వాళ్ళలో ఎక్కువమందికి నిజానికి ఎముక విరగదు. అంటే ఒకరిని కాపాడటానికి అనేకమంది చేతులకు రెండు వారాలు కట్టు కడుతున్నాం. నెలజీతం వచ్చే వాడికి అది సెలవు. మీటరు లెక్కన కూలి వచ్చే వాడికి అది రెండు వారాల పస్తు. పైగా రెండోసారి తీసిన ఎక్స్‌రే కూడా నూటికి నూరు పాళ్ళు నమ్మదగినది కాదు.

ఎం.ఆర్.ఐ. ఈ చిక్కును కొద్ది రోజుల్లోనే తేల్చగలదు. ఎముక లోపలి మజ్జలో వాపును కూడా అది చూపిస్తుంది, బీట అంచులు విడిపోనక్కరలేదు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, శ్రద్ధగా పరీక్ష చేశాక స్కేఫాయిడ్ అనుమానం ఉంటే మొదటి పరీక్షగానే ఎం.ఆర్.ఐ. ఆలోచించమని సూచించింది. మన దగ్గర దాని ఖరీదు చూస్తే ఆ సూచన వినడానికే బాగుంటుంది. కానీ లెక్క ఇంకోలా కూడా వేసి చూడాలి. రెండు వారాల కూలి ఎంత? అతకని ఎముకకు తుంటి నుంచి ఎముక ముక్క తెచ్చి, స్క్రూ బిగించే ఆపరేషన్ ఎంత? ఆ తరువాత నెలల తరబడి పని లేకపోవడం ఎంత? స్కానింగుకు అయ్యేది మాత్రమే ఖర్చు, మిగిలినవి తలరాత అనుకునే పద్ధతి మనకెందుకు?

తొందరగా కనిపెడితే వైద్యం ఎంత తేలికో చెప్పే ఆధారం కూడా ఉంది. 2020లో లాన్సెట్ పత్రికలో స్విఫ్ట్ అనే పరిశీలన ఫలితాలు వెలువడ్డాయి. స్కేఫాయిడ్ నడుము దగ్గర విరిగి, ముక్కలు 2 మిల్లీమీటర్లకు మించి జరగని 439 మంది పెద్దవాళ్ళలో కొందరికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగిలిన వాళ్ళకు ప్లాస్టరు కట్టి, అతకని కొద్దిమందికి మాత్రమే తరువాత ఆపరేషన్ చేశారు. ఏడాది తరువాత చూస్తే రెండు వర్గాల చేతులూ దాదాపు ఒకేలా పనిచేస్తున్నాయి. సకాలంలో గుర్తిస్తే చాలామందికి ప్లాస్టరే సరిపోతుందన్నమాట. ఆలస్యంగా గుర్తించిన వాడికి ఆ అవకాశం లేదు.

ఇప్పుడు చంద్రవంక ఎముక. ఎదురుగా తీసిన చిత్రంలో మణికట్టు ఎముకల అంచుల వెంబడి మూడు నున్నటి వంపు గీతలు గీయవచ్చు. అమెరికన్ రేడియాలజిస్టు గిలూలా 1979లో ఈ సంగతి వివరించాడు. ఆ వంపుల్లో ఎక్కడైనా విరుపు ఉంటే ఏదో ఎముక తన చోటు నుంచి కదిలిందని అర్థం. స్కేఫాయిడ్‌కూ లూనేట్‌కూ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటితే వాటిని కట్టి ఉంచే సంధిబంధనం తెగిందని అనుమానించాలి. ముందుపళ్ళ మధ్య సందుతో నవ్వించిన ఇంగ్లీషు హాస్యనటుడు టెర్రీ థామస్ పేరు ఈ సందుకు పెట్టారు. రేడియాలజిస్టులకూ హాస్యం తెలుసు మరి! అయితే చేయి వదులుగా పెట్టి తీస్తే ఈ సందు దాక్కుంటుంది. పిడికిలి బిగించి తీస్తే బయటపడుతుంది.

ఇంతకన్నా ఘోరమైనది ఇంకొకటుంది. ఎత్తు నుంచి పడినప్పుడో, మోటారుసైకిలు ప్రమాదంలోనో లూనేట్ చుట్టూ ఉన్న ఎముకలన్నీ పక్కకు జరిగిపోతాయి, లేదా లూనేటే అరచేతి వైపుకు తిరగబడుతుంది. పక్కనుంచి చూస్తే రేడియస్, దానిలో లూనేట్, లూనేట్‌లో కాపిటేట్, ఒకదానిలో ఒకటి కూర్చున్న గిన్నెల్లా ఒకే వరసలో ఉండాలి. గిన్నె ఒలికిపోయినట్టు వాలి ఉంటే చిన్నపిల్లవాడైనా పట్టుకోగలడనిపిస్తుంది. కానీ 1993లో హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు 166 కేసులు పరిశీలించి, వాటిలో నాలుగో వంతు మొదట గుర్తించబడలేదని తేల్చారు. ఆ కేసులు వచ్చింది పెద్ద కేంద్రాలకు. కారణం మళ్ళీ అదే. ఎదురు చిత్రంలో ఎముకలన్నీ ‘ఉన్నాయి’, కాబట్టి ఏమీ లేదు. పక్క చిత్రాన్ని చాలామంది లాంఛనంగా చూస్తారు. ఒకదాని మీద ఒకటి పడి గజిబిజిగా ఉంటుంది కాబట్టి దాన్ని చదవడం విసుగు. మణికట్టు వెనకవైపు ట్రైక్వెట్రమ్ అనే ఎముక నుంచి ఊడివచ్చే చిన్న పలుకు కూడా ఆ పక్క చిత్రంలోనే కనబడుతుంది. పడినవాడికి మధ్యవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కితే మాత్రం ఏ చిత్రం కోసమూ ఆగకూడదు, నరం నలుగుతున్నదని అర్థం.

తప్పు ఒకవైపే జరుగుతోందని అనుకోకండి. లేనిదాన్ని చూడటం కూడా ఉంది. పిల్లల మణికట్టులో ఎముక పెరిగే చోట నల్లటి గీత ఉంటుంది. అది మృదులాస్థి. దాన్ని విరుగుడనుకుని కట్టు కట్టించుకున్న పిల్లలున్నారు. పిల్లల్లో రేడియస్ నలిగి బుడిపెలా ఉబ్బే విరుగుడుకు గట్టి ప్లాస్టరు అవసరమే ఉండకపోవచ్చు. బ్రిటన్‌లో 965 మంది పిల్లల మీద జరిగిన ఫోర్స్ పరిశీలన ఫలితాలు 2022లో వచ్చాయి. మెత్తటి బ్యాండేజీ ఇచ్చి పంపిన పిల్లలూ, గట్టి పట్టీ వేసిన పిల్లలూ మూడు రోజుల తరువాత ఒకే స్థాయి నొప్పి చెప్పారు. మన తల్లిదండ్రులు తెల్లటి పెద్ద కట్టు చూస్తేనే వైద్యం జరిగిందని నమ్ముతారు. డాక్టరు కూడా వాళ్ళను నొప్పించడు.

పెద్దవాళ్ళ సంగతికొస్తే, పగలంతా దారాలు ముడివేసే చేతికి బొటనవేలి మొదట్లో నొప్పి రావచ్చు. దీన్ని 1895లోనే, అంటే రాంట్‌జన్ కిరణాలు కనిపెట్టిన ఏడే, స్విస్ సర్జన్ డి క్వెర్వాన్ వర్ణించాడు. స్నాయువులు తమ తొడుగులో బిగిసిపోవడం దీనికి కారణం. దీనికి ఎక్స్‌రే శుద్ధ దండగ. పరీక్షతోనే తెలుస్తుంది, కావాలంటే అల్ట్రాసౌండ్ చాలు. రాత్రిపూట వేళ్ళు తిమ్మిరెక్కి నిద్రలేపే కార్పల్ టన్నెల్ జబ్బులోనూ ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. నరం ప్రసార పరీక్ష చేయాలి. ఇలాంటి వాళ్ళకు కూడా ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అని చెప్పి పంపడం చూస్తే, చెవినొప్పికి కళ్ళద్దాల పరీక్ష చేసి చూపు బాగుందన్నట్టుంటుంది. మరోవైపు డబ్బున్న వాళ్ళ మణికట్టుకు వెంటనే ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. చిటికెనవేలి వైపు ఉండే త్రికోణపు మృదులాస్థి ఫలకంలో చిరుగు ఉందని రిపోర్టు వస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఏ నొప్పీ లేని వాళ్ళలో కూడా ఇలాంటి చిరుగులు ఎక్కువవుతాయి. చిత్రంలో దొరికినదంతా నొప్పికి కారణం కాదు.

ఇంకా కొన్ని ఫిల్ములు అడగని కథలు కూడా చెబుతాయి. లూనేట్ ఒక్కటే తెల్లబడి, కుంచించుకుపోయి ఉంటే అది వియన్నా రేడియాలజిస్టు కీన్‌బాక్ 1910లో వర్ణించిన జబ్బు. రక్తం అందక ఎముక చచ్చిపోవడం. మొదటి దశలో ఇది కూడా ఎక్స్‌రేకు చిక్కదు. నల్గొండ నుంచి వెళ్ళిన పెద్ద వయసు వారి ఎక్స్‌రేలో ముంజేతి రెండు ఎముకల మధ్య పొర ముళ్ళు ముళ్ళుగా గట్టిపడి కనిపిస్తే అది నీళ్ళలోని ఫ్లోరైడు రాసిన సంతకం. నల్గొండ ఫ్లోరోసిస్ గురించి సిద్దీకీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. సూరత్‌లో కూర్చుని ఆ ఫిల్ము చదివేవారికి ఆ మనిషి ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగాడో తెలియదు. తెలియాలంటే అడగాలి.

ఈ చిక్కులన్నిటికీ కంప్యూటరు పరిష్కారం చూపుతుందని ఇప్పుడు అంటున్నారు. 2018లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆస్టియోడిటెక్ట్ అనే ప్రోగ్రామును అనుమతించింది. పెద్దవాళ్ళ మణికట్టు ఎక్స్‌రేలో విరుగుడును వెతికి గుర్తుపెడుతుంది. మంచిదే. కానీ అది వెతికేది దేన్నో చూడండి: రేడియస్ చివరి విరుగుడును. మనిషి కన్ను ఎక్కడికి ముందు వెళ్ళడానికి అలవాటుపడిందో యంత్రం కన్నూ ముందు అక్కడికే వెళ్ళింది. ఆ తరువాత ఇతర ఎముకలకూ ఇలాంటి ప్రోగ్రాములు తయారయ్యాయి. అయితే తీయని కోణాన్ని ఏ ప్రోగ్రామూ చదవలేదు. ఫిల్మును కిటికీకి ఆనించి సెల్‌ఫోనులో ఫొటో తీసి పంపితే ఆ సన్నటి గీత ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇక ఆ ఒక్క వాక్యం వల్ల డబ్బు రూపంలో జరిగే నష్టం గురించి. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం షెడ్యూలులో ఏ వేలు తెగితే సంపాదన శక్తి ఎంత శాతం పోయినట్టో పట్టిక ఉండేది. ఆ చట్టం సారం 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి చేరింది. తెగిన వేలు ఎవరికైనా కనబడుతుంది. అతకని స్కేఫాయిడ్‌కు ఆ పట్టికలో చోటు లేదు, దాని నష్టాన్ని డాక్టరు అంచనా కట్టి చెప్పాలి. అప్పుడు యజమాని తరఫువాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: దెబ్బ తగిలిన రోజు ఏం రాశారు? ఆ రోజు కాగితం మీద ‘ఫ్రాక్చర్ లేదు’ అని ఉంటుంది. ‘ఈ చిత్రాల్లో విరుగుడు కనపడలేదు, స్కేఫాయిడ్ అనుమానం ఉంది, మళ్ళీ చూడాలి’ అని రాసి ఉంటే ఆ కార్మికుడి పరిస్థితి వేరుగా ఉండేది. రెండు వాక్యాల మధ్య తేడా అరనిమిషం సిరా.

మీరు డాక్టరు కాకపోవచ్చు. ఫిల్ము చదవడం మీ పని కాదు, నేర్చుకున్నానని అనుకోవడం ప్రమాదం కూడా. కానీ ఎక్స్‌రే గదికి వెళ్ళే ముందు చీటీలో ‘పడ్డాడు, బొటనవేలి వైపు నొప్పి’ అని రాయించుకోవచ్చు. స్కేఫాయిడ్ కోసం వేరే చిత్రం కావాలా అని అడగవచ్చు. ఏమీ లేదంటే, అయితే ఈ నొప్పి ఎన్ని రోజుల్లో తగ్గాలి, తగ్గకపోతే ఎప్పుడు రావాలి అని తేదీ అడిగి రాయించుకోవచ్చు. మొదటి ఫిల్మును పారేయకండి. కవరు మీద పడిన తేదీ, తీసిన తేదీ వేసి, నలగకుండా పరుపు కిందనో బీరువా మీదనో దాచండి. రెండు వారాల తరువాత తీసే చిత్రాన్ని చదివేవారు ముందుగా అడిగేది దాన్నే.